ఐలేశం అరచేతిలో కొబ్బరికాయ

దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఐలేశం ముఖం గుర్తుపట్టనివాళ్ళు ఉంటారేమో గాని, అతని కుడిచెయ్యి తెలియని రైతు లేడు. ఆ అరచేతిలో పీచు కొబ్బరికాయను అడ్డంగా పండబెట్టి, చెప్పులు విడిచి, చేనంతా ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేవాడు. భూమి లోపల నీళ్ళుంటే కాయ లేచి నిలబడుతుంది. లేకపోతే పండుకునే ఉంటుంది. శాస్త్రం అంతే. దీనికి పుస్తకం లేదు, గురువు లేడు. ఎట్లా లేస్తుందని ఎవరైనా అడిగితే "చేతిగుణం" అనేవాడు. ఇంకా గుచ్చి అడిగితే బీడీ ముట్టించేవాడు.

మరి కాయ నిలబడ్డచోట నీళ్ళు పడేవా అని మీరు అడుగుతారు. కొన్నిసార్లు పడేవి. చాలాసార్లు ఎండుమట్టి దుబ్బ లేచేది. కానీ మన రైతుల మంచితనం ఎట్లాంటిదంటే, దుబ్బ లేచిన ప్రతిసారీ ఐలేశం తప్పు తప్ప మిగతా అందరి తప్పూ దొరికేది. బోరుబండి జానెడు పక్కకు నిలబడింది. పసుపు రాసిన గుర్తురాయిని మేక తన్నింది. నిమ్మకాయ కొయ్యడం మరిచారు. ఒకసారైతే నేరమంతా చేను ఆసామి బావమరిది మీద పడింది, బండి మొదలయ్యే ముందు అతను తుమ్మాడట. పాపం ఆ బావమరిది ఇప్పటికీ ఆ ఊరికి పోవాలంటే ముక్కు పట్టుకునే పోతాడు. ఇట్లా ముప్పై ఏండ్లుగా ఐలేశం పేరుకు మచ్చ రాలేదు.

తెలంగాణ వచ్చింది, ఇంటికి నల్లా వచ్చింది, చేనుకు కావలసిన నీళ్ళు మాత్రం బండల కిందనే దాక్కున్నాయి. మనిషి ఎక్కడున్నాడో సెల్‌ఫోన్ చూపించే కాలం వచ్చినా, నీళ్ళు ఎక్కడున్నాయో చూపించడానికి ఐలేశమే రావాలి.

పని అయిపోయిన కాయను ఇంటికి తెచ్చేవాడు. భార్య అండాలు దాన్ని పగలగొట్టి తొక్కు నూరేది. "నీళ్ళు జూసిన కాయ తొక్కు, జూడని కాయ తొక్కు ఒక్క తీరే ఉంటది" అని ఆమె ఒకసారి అన్నందుకు ఐలేశం అన్నం తినకుండా అలిగాడు. ఆ తర్వాత ఆమె అనలేదు. ఆమెకు నమ్మకమూ లేదు, అపనమ్మకమూ లేదు. పత్తి చేన్లో కూలికి పోయేది, ఇల్లు చూసుకునేది, మొగుని చెయ్యిని ఊరికి వదిలేసింది.

మొన్నటి ఎండాకాలం దస్తగిరి బత్తాయి తోట ఎండుముఖం పట్టింది. ఉన్న బోర్లన్నీ గాలి కక్కి ఆగిపోయాయి. దస్తగిరి ఐలేశాన్ని పిలిపించాడు. బోరుబండ్లు మాట్లాడిపెట్టే పరమేష్ కూడా వచ్చాడు. అతను ఐలేశాన్ని మామా అని పిలుస్తాడు. చుట్టరికమేమీ లేదు. ఐలేశం చేతిలో కాయ లేస్తేనే పరమేష్ బండి కదులుతుంది, అందుకని మామ అయ్యాడు.

ఐలేశం బత్తాయి సాళ్ళ నడుమ నడుస్తున్నాడు. ఉన్నట్టుండి చెయ్యి తనది కానట్టు అయిపోయింది. వేళ్ళు విడిపోయాయి, మోచెయ్యి వాలింది. కాయ లేవలేదు, పండుకోలేదు, జారి కింద పడి దొర్లుకుంటూ ఒక చెట్టు పక్కన ఆగింది. ముప్పై ఏండ్లలో కాయ కింద పడటం అదే మొదలు. "చెయ్యి పనిజేస్తలేదు" అందామని ఐలేశం నోరు తెరిచాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది. మూతి ఎడమపక్కకు గుంజుకుపోయింది.

"గంగమ్మ పూనింది!" అని అరిచి పరమేష్ సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాడు. దస్తగిరి పసుపు కోసం ఉరికాడు. ఐదు పూటలా నమాజు చేసే మనిషికి గంగమ్మతో పరిచయం తక్కువే. కానీ చెట్లు ఎండిపోతుంటే ఎవరి పరిచయమైనా పనికొస్తుందనుకున్నాడు.

దస్తగిరి భార్య హసీనా ఒక్కతే ఐలేశం ముఖంలోకి చూసింది.

"అన్న మూతి వంకరవోయింది, జూస్తలేరా? మా అబ్బాకు గిట్లనే అయింది. దవాఖానకు తీస్కపోండ్రి."

ఆమె మాట ఎవరు వింటారు? అందరూ కాయ పడ్డ జాగాలో పసుపు చల్లే పనిలో ఉన్నారు. కొంతసేపటికి చెయ్యి తిరిగొచ్చింది, మూతి సక్కబడింది, ఐలేశం చాయ్ తాగి బీడీ ముట్టించాడు. అందరూ అతనికి దండం పెట్టారు.

తెల్లారి ఆ జాగాలోనే బండి దిగింది. నీళ్ళు పడ్డాయి. మామూలుగా పడలేదు. బండి కప్పు దాటి లేచి, చుట్టూ నిలబడ్డవాళ్ళనందరినీ బురదతో తడిపాయి. దస్తగిరి ఆ బురదలో నిలబడి ఏడ్చాడు. ఐలేశం కూడా ఏడ్చాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పరమేష్ పట్టిన వీడియో ఊళ్ళు తిరిగింది. కోస్గి నుంచి జీపు కట్టుకుని వచ్చారు, భువనగిరి నుంచి ఫోన్లు వచ్చాయి. వచ్చినవాళ్ళకు పాత ఐలేశం అక్కరలేదు. ఒక చేన్లో కాయ నిటారుగా నిలబడితే ఆ రైతు తల అడ్డంగా ఊపాడు. "లేసుడు మాకెందుకన్నా, గది ఊళ్ళె అందరు లేపుతరు. పడాలె. మూతి వంకరవోవాలె" అన్నాడు. ఐలేశం ఇంకో గంట ఎండలో నడిచాడు. కాయ పడలేదు, మూతి సక్కగానే ఉంది. రైతు మర్యాదగా చాయ్ తాగించి పంపించాడు. ఆరోగ్యంగా ఉన్నందుకు సిగ్గుతో తలవంచుకుని ఇంటికొచ్చిన మనిషి మన జిల్లాలో అతనొక్కడే అయ్యుంటాడు.

రెండోసారి ఇంట్లోనే వచ్చింది. వంటింట్లో పీట మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. చేతిలో తుంచిన ముక్క తొక్కులో పడిపోయింది. చెయ్యి ఒళ్ళో వాలింది, మూతి గుంజుకుపోయింది. అండాలు చెంబు కింద పడేసి వచ్చి అతని తలను రొమ్ముకు అదుముకుంది. పేరు పెట్టి ఏనాడూ పిలవని మనిషి "ఐలేశం, ఐలేశం" అని పిలిచింది. కాసేపటికి అతనికి మాట వచ్చింది.

"అండాలూ, ముగ్గుపిండి దే."

"ఎందుకయ్యా?"

"గీ పీట కిందనే ఉన్నయ్. మన వంటింట్లనే గంగున్నది!"

ఆమె ఏడుస్తుండగానే అతను పీట చుట్టూ ముగ్గుపిండితో గీత గీశాడు. కబురందుకుని పరమేష్ వచ్చి, ఏ గోడ పడగొడితే బోరుబండి లోపలికి వస్తుందో కొలతలు మొదలుపెట్టాడు. పొయ్యిని బయటకు జరపాలన్నాడు. అండాలు అతని చేతిలో టేపు గుంజుకుని పొయ్యిలో పెట్టింది.

"నీళ్ళున్నది జాగలనైతె, రోజు గీడనే గద నువ్వు తినేది? నిన్న ఎందుకు పడలే చెయ్యి?" అని మొగుణ్ణి నిలదీసింది.

"గంగ జరుగుతాంటది."

ఇట్లాంటి జవాబు చెప్పేవాడితో ఏం వాదిస్తాం! అండాలు కూడా వాదించలేదు. పోయి హసీనాను కలిసింది. హసీనా తన తండ్రికి చెయ్యి, మాట పడిపోయిన సంగతంతా చెప్పింది. ఆయనకూ మొదట ఇట్లాగే వచ్చి పోయిందట, మూడోసారి వచ్చింది పోలేదట. నల్లగొండలో మెదడు లోపలి నరాలను, రక్తం పారే దారులతో సహా ఫోటో తీసే మిషను ఉందని కూడా ఆమే చెప్పింది. అండాలు దారంతా ఏడ్చి, ఇంటికొచ్చే ముందు ముఖం కడుక్కుంది.

"నల్లగొండల ఓ మిషనున్నదట. తలల ఏది యాడ పారుతున్నదో అంత ఫోటోల వస్తదట" అంది.

ఐలేశం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అంటె నా గుణం గూడ ఫోటోల వస్తదా?"

"వస్తదేమో. పోతె గద తెలిసేది."

మరునాడే అండాలును తీసుకుని బస్సెక్కాడు. రోగం ఉందని కాదు, గుణం ఉందని ఫోటో తీయించుకోవడానికి. ఆ ఫోటోకు అద్దం కట్టించి బోరుబండికి ముందు తగిలిద్దామని పరమేష్ కూడా వెంట ఎక్కాడు. ఐలేశం ఒళ్ళో సంచి, సంచిలో కొబ్బరికాయ.

దవాఖానలో డాక్టరమ్మ పేరు నిరోష. అండాలు చెప్పింది విన్నది, ఐలేశం కుడిచెయ్యి ఎత్తించి చూసింది, నవ్వమని మూతి చూసింది. చెయ్యి బాగానే ఉంది, మూతి బాగానే ఉంది. "అప్పుడెట్లయిందో ఎవరన్నా సరిగ్గా చూసిన్రా?" అని అడిగింది.

"నా దగ్గర వీడియో ఉన్నది మేడం!" అని పరమేష్ గర్వంగా ఫోన్ ముందుకు పెట్టాడు. "గీడ జూడుండ్రి, గంగమ్మ ఎట్ల పూనిందో. దీనికి మస్తు లైకులు వచ్చినయ్."

డాక్టరమ్మ చూసింది. మళ్ళీ చూసింది. 

"ఇది చిన్న పక్షవాతం. వచ్చి పోయింది. పోయింది గనుక మీరు బస్సెక్కి వచ్చిన్రు" అంది. "మెదడుకు రక్తం తీసుకపోయే నాళం ఎక్కడనో సన్నబడ్డట్టుంది. ఎక్కడ, ఎంత అనేది చూడాలె. సీటీ యాంజియో తీద్దాం. ఇయ్యాల్నే."

ముందు రక్తం తీసి మూత్రపిండాలు బాగున్నాయో లేదో చూశారు, ఫోటోకు ముందు నరంలోకి ఎక్కించే రంగుమందును అవి తట్టుకోవాలట. బాగానే ఉన్నాయన్నారు. స్కానింగు గదిలో కమలాకర్ అనే ఆయన మొలతాడు తీయించాడు, తాయెత్తు తీయించాడు, చివరికి సంచి వైపు చూశాడు.

"అదేంది?"

"నా కాయ. చేతుల ఉంటెనే గుణం తెలుస్తది."

"పెద్దాయనా, ఎంతోమందిని జూసిన గని కొబ్బరికాయకు స్కానింగు ఎన్నడు తియ్యలే" అని కమలాకర్ దాన్ని అండాలు చేతికిచ్చి తలుపు వేశాడు.

బావి ఒరను అడ్డంగా నిలబెట్టినట్టు గుండ్రటి మిషను, దానిలోకి జరిగే బల్ల. ఐలేశం వెల్లకిలా పండుకున్నాడు. కదలొద్దన్నారు. మందు ఎక్కినప్పుడు ఒళ్ళంతా వేడిగా అవుతుంది, భయపడొద్దని కూడా అన్నారు. కానీ ఎక్కడెక్కడ వేడిగా అవుతుందో వివరంగా చెప్పలేదు. వేడి చేతిలో మొదలై, గొంతులోకి పాకి, పొట్ట దాటి కిందికి దిగింది. పంచె తడిసిపోయినట్టే అనిపించింది ఐలేశానికి.

"నీళ్ళొచ్చినయ్! నీళ్ళొచ్చినయ్!" అని బల్ల మీది నుంచే కేక వేశాడు.

బయట పరమేష్ లేచి గంతేశాడు. వరుసలో కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. కమలాకర్ లోపలికి ఉరికి, పంచె తడవలేదని, అది మందు వేడి అని, కదిలితే ఫోటో పాడవుతుందని, దేవుని దయవల్ల అప్పటికే ఫోటో వచ్చేసిందని చెప్పాడు. ఐలేశం పంచె తడిమి చూసుకుని నిరాశపడ్డాడు.

తెర మీద డాక్టరమ్మ చూపించింది. ఎముకలన్నీ మాయమై రక్తం దారులు మాత్రమే మిగిలాయి. దుబ్బ కడిగేసిన బత్తాయి వేర్ల లాగా మెడలోంచి లేచి, తలంతా పాకి ఉన్నాయి. ఐలేశం నోరు తెరుచుకుని చూశాడు. తన లోపల ఇంత పారకం ఉందని అతనికి ఏనాడూ తెలియదు. తల ఎడమ వైపు ఒకచోట దారం పోగంత సన్నబడి ఉంది. ఆ చోట డాక్టరమ్మ వేలు పెట్టింది.

"మేడం, గీడ బోరేస్తె ఎంత లోతుల..." అని పరమేష్ అలవాటుగా అనేసి, అండాలు చూపు చూసి మిగతాది మింగేశాడు.

"ఇది మూసుకపోతే కుడిచెయ్యి, కుడికాలు, మాట పోతయ్. ఈసారి పోతే తిరిగి రాకపోవచ్చు" అంది డాక్టరమ్మ. "రక్తం గడ్డకట్టకుండ గోలీలు రాస్తున్న, కొవ్వుకు, బీపీకి కూడా. రోజూ మింగాలె. బీడీ ఇయ్యాల్టితోనే బంద్."

ఐలేశం తెర మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"అంటె అమ్మా, బత్తాయి తోటల నా కాయ పడ్డది నీళ్ళకు గాదా?"

"కాదు. రక్తం అందక చెయ్యి పడిపోయింది."

"మరి గాడ నీళ్ళెట్ల పడ్డయ్?"

డాక్టరమ్మ "అది నాకు తెల్వదు" అంది.

మందుల దుకాణం ముందు పరమేష్ ఐలేశాన్ని పక్కకు లాగాడు. "మామా, గోలీలు మింగితె మల్ల కాయ పడదు గదా? కోస్గోళ్ళు జీపుల కాసుకొని ఉన్నరు. వానలు పడేదాంక ఆగు. వానలు పడ్డంక ఎన్ని గోలీలన్న మింగు, నేను అడ్డమొస్తె అడుగు."

అతను చెడ్డవాడేమీ కాదు. ఎండిపోతున్న చేన్లు అన్నీ అతని ఫోన్లోనే మొత్తుకుంటున్నాయి. ఐలేశం గోలీల సంచి ఒక చేతిలో, కొబ్బరికాయ సంచి ఒక చేతిలో పట్టుకుని వేపచెట్టు కింద అండాలు పక్కన కూలబడ్డాడు.

"మింగు" అని ఆమె నీళ్ళసీసా మూత తీసింది.

"జర ఆగు."

"ఎందుకాగాలె?"

 "గా దినం నేనేం జెయ్యలేదే అండాలూ. నేనేం జెయ్యకుంటనే కాయ కదిలింది. నీళ్ళు పడ్డయ్. నా జన్మల గదొక్కటే..." అని ఆగిపోయాడు. అతని కళ్ళు నిండాయి.

ఆమె తెలివితక్కువది కాదు. గా దినం ఏం చెయ్యలేదంటే, తక్కిన దినాలలో ఏదో చేసినట్టే కదా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏండ్లు కాపురం చేసిన మొగుడు వేపచెట్టు కింద పసిపిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె ఆ మాటను మింగేసింది.

"గా ఒక్కదానికే నువ్వు పోయెటోనివి" అంది. "దస్తగిరి బాయ్ తోటకు నీళ్ళొచ్చినయ్. నువ్వు పోతె నాకెవలు జూపెడ్తరయ్యా జాగ? నేను ఏ కాయ వట్టుకొని తిరగాలె?"

ఐలేశం ఆమె ముఖం చూశాడు. గోలీ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. వేపచెట్టుకు అవతల పరమేష్ కోస్గి వాళ్ళకు ఫోన్ కలిపి, గంగమ్మకు వైద్యం నడుస్తోందని, జీపు వెనక్కి తిప్పుకోమని చెబుతున్నాడు.

చెయ్యి కొంచెం వాలినా, మాట కొంచెం తడబడినా ఒక్క నిమిషం ఆగకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ అండాలుకు చెప్పి పంపింది. అండాలు దానికి తన పద్ధతి తాను పెట్టుకుంది. పొద్దున లేవగానే మొగుణ్ణి గడప ముందు నిలబెడుతుంది. కుడిచెయ్యి చాపించి అరచేతిలో కొబ్బరికాయను పండబెడుతుంది. ఎదురుగా కూర్చుని కాయకేసి రెప్ప వెయ్యకుండా చూస్తుంది. కాయ కదలకుండా ఉంటే గోలీ ఇచ్చి, చాయ్ పెడుతుంది. ముప్పై ఏండ్లు ఊరంతా ఆ కాయ కదలాలని చూసింది. ఇప్పుడు ఒక మనిషి అది కదలొద్దని చూస్తోంది. ఐలేశం చేయి నొప్పి పుడుతోందన్నా వినదు. దారిన పోయేవాళ్ళు ఆగి, గడప కింద నీళ్ళున్నాయేమోనని ఆశగా అడిగి పోతారు.

ఒక పొద్దున కాయ కదిలింది.

మెల్లగా ఒక చివర లేచింది. తర్వాత నిటారుగా నిలబడింది. అండాలు "ఆటో! ఎవలన్న ఆటో పిలువుండ్రి!" అని వాకిట్లోకి ఉరికి, మళ్ళీ వెనక్కి వచ్చి మొగుని ముఖం రెండు చేతుల్లో పట్టుకుని మూతి చూసింది. మూతి సక్కగా ఉంది. నవ్వుతున్నాడు.

"ఆగవే, ఏం గాలే. నేనే లేపిన."

"ఎట్ల?"

ఐలేశం వీధి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అరచెయ్యి ఆమె కళ్ళ ముందుకు తెచ్చాడు. "గిట్ల. బొటనవేలి మొదలుతోని జర నూకాలె. సూసెటోనికి కనవడది" అని గొంతు తగ్గించి చెప్పాడు. అట్లా ఎప్పుడు నూకడం మొదలుపెట్టాడో తనకూ గుర్తులేదన్నాడు. చాలా ఏండ్లు అది తన వేలే అని తనకూ తెలియదన్నాడు. ఆ సంగతి అతను ముప్పై ఏండ్లలో ఇంకో మనిషికి చెప్పడం అదే మొదలు.

అండాలు పొయ్యి దగ్గరి గరిటె తెచ్చి భుజం మీద ఒక్కటి వేసింది. ఇంకొకటి వెయ్యబోయి గరిటె కింద పడేసి గడప మీద కూర్చుంది. కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఐలేశానికి అర్థం కాక, కాయ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కాసేపటికి ఆమె కొంగు తీసి, ఆ బొటనవేలిని పట్టుకుని వంచి చూసింది. వేలిలో బలం ఉంది.

"మల్లోపారి లేపు" అంది.

ఆమె చూస్తుండగా కాయ మళ్ళీ లేచి నిలబడింది.